చివరి పావు బిళ్ల: ఏళ్ల తరబడి వాడిన నిద్రమాత్రను మెల్లగా మానడం వెనుక ఉన్న శాస్త్రం

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే మొదలైంది. దేశంలో అందుకు చట్టం వచ్చింది ఎన్నో ఏళ్ల తర్వాత. కార్మికుడికి అది గొప్ప మేలు. అయితే కొలిమి రాత్రింబవళ్లు మండాల్సిందే కాబట్టి, ఇరవై నాలుగు గంటలను మూడు షిఫ్టులుగా పంచుకోవాలి. ఎవరో ఒకరు రాత్రంతా మేలుకుని ఉండాలి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి కదమా, సోనారీ, గోల్మురీ, టెల్కో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తాతల కాలం నుంచీ ఈ లెక్క తెలిసిందే. కొన్నాళ్లు పగటి పని, కొన్నాళ్లు రాత్రి పని. ఇంట్లో మనిషి పగలు పడుకుంటే పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడటం కూడా అలవాటే.

మన మెదడులో ఒక గడియారం ఉంటుంది. కళ్లలో పడే వెలుతురును బట్టి అది పగలేదో రాత్రేదో తేల్చుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్ పెరిగి ఒంటిని నిద్రకు సిద్ధం చేస్తుంది. షిఫ్టు మారిన ప్రతిసారీ ఈ గడియారం వెంటనే మారిపోదు. అందుకే రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారికి నిద్ర సమస్యలు ఎక్కువని ఎన్నో దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఉక్కు కార్మికుడికైనా, నర్సుకైనా, రైల్వే గార్డుకైనా, సెక్యూరిటీ గార్డుకైనా ఇది ఒకటే.

నిద్ర పట్టనప్పుడు డాక్టర్ రాసే ఒక చిన్న బిళ్ల పది రోజులు హాయిగా నిద్రపుచ్చుతుంది. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. చీటీ పాతబడినా బిళ్ల ఆగదు. పది రోజులు పది నెలలై, చూస్తుండగానే పదేళ్లవుతుంది. ఎప్పుడో ఒకరోజు ఎవరో చెబుతారు, ఇది మంచిది కాదు, మానెయ్యమని. ఆ మనిషి పట్టుదలతో ఆ రాత్రే ఆపేస్తాడు. రెండో రాత్రికి చెమటలు, గుండెదడ, చేతుల వణుకు. అందరికీ కాకపోయినా కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. మందు మానాలనే నిర్ణయం సరైనదే కావచ్చు, మానిన వేగమే తప్పు. ఆ వేగాన్ని ఎలా లెక్కగట్టాలన్నది ఇప్పుడు వైద్యశాస్త్రంలో ఒక ప్రత్యేక విషయంగా ఎదిగింది.

ప్రయోగశాలలో మరిచిపోయిన సీసా

ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్, డయజెపామ్, నైట్రజెపామ్. పేర్లు వేరైనా ఇవన్నీ బెంజోడయజెపైన్లు అనే ఒకే కుటుంబానికి చెందిన మందులు. వీటిలో మొదటిదాన్ని కనిపెట్టింది లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త. అమెరికాలోని న్యూజెర్సీలో రోష్ కంపెనీ ప్రయోగశాలలో ఆయన 1950లలో తయారుచేసిన కొన్ని పదార్థాలు పనికొచ్చేలా కనబడక పక్కనపెట్టేశారు. 1957లో ప్రయోగశాల శుభ్రం చేస్తుంటే అందులో మిగిలిన ఒకటి కంటబడింది. ఎందుకైనా మంచిదని జంతువుల మీద పరీక్షిస్తే అవి మత్తుగా పడిపోకుండానే శాంతించాయి. అదే క్లోర్‌డయజెపాక్సైడ్. 1960లో లిబ్రియమ్ పేరుతో, దాని తర్వాత 1963లో డయజెపామ్ వాలియమ్ పేరుతో బజారులోకి వచ్చాయి. మన దేశంలో రాన్‌బాక్సీ కంపెనీ 1969లో డయజెపామ్‌నే కామ్‌పోజ్ పేరుతో అమ్మింది. ఒక తరం వాళ్లకు నిద్రమాత్ర అంటే కామ్‌పోజే.

అప్పటిదాకా నిద్రకు వాడిన బార్బిచ్యురేట్లు మోతాదు కాస్త మించితే ఊపిరి ఆపేసేవి. వాటితో పోలిస్తే కొత్త మందులు ఎంతో భద్రమైనవి. ఫిట్స్ ఆపడానికి, ఆపరేషన్ ముందు భయం తగ్గించడానికి, మద్యం మానేటప్పుడు వచ్చే ప్రమాదాల నుంచి కాపాడటానికి నేటికీ వీటికి సాటైనవి తక్కువ. కాబట్టి ఈ మందును దోషిగా నిలబెట్టనక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే, వారాలకు ఉద్దేశించిన మందును ఏళ్లు వాడటంలో. మందుల భద్రతను చూసే బ్రిటన్ ప్రభుత్వ కమిటీ 1988లోనే వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడవద్దని డాక్టర్లకు సూచించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఈ మందులన్నిటి మీదా, శరీరం వీటికి అలవాటు పడుతుందని, హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం ఉండొచ్చని పెట్టెలో కట్టిన హెచ్చరికను తప్పనిసరి చేసింది.

మెదడు ఎలా అలవాటు పడుతుంది?

మెదడులో నాడీకణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. వాటిలో గ్లుటమేట్ ఉసిగొల్పేది, గాబా నెమ్మదింపజేసేది. ఈ రెండింటి తూకం మీదే మన మెలకువ, నిద్ర, భయం, ప్రశాంతత ఆధారపడి ఉంటాయి. గాబా వచ్చి నాడీకణం మీది గ్రాహకానికి అతుక్కుంటే ఒక చిన్న ద్వారం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్తాయి. దాంతో ఆ కణం శాంతిస్తుంది. బెంజోడయజెపైన్ తనంత తానుగా ఈ తలుపు తీయదు. గ్రాహకం మీద మరోచోట కూర్చుని, గాబా వచ్చినప్పుడు తలుపు మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తుంది. ఈ మందులకు మెదడులో ప్రత్యేకమైన చోటు ఉందని డెన్మార్క్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 1977లో విడివిడిగా కనిపెట్టారు.

రోజూ బయటి నుంచి సాయం వస్తుంటే మెదడు ఊరుకోదు, తన తూకం తాను సరిచేసుకుంటుంది. గ్రాహకాలు మందుకు మునుపటిలా స్పందించవు. ఉసిగొల్పే గ్లుటమేట్ వైపు బలం పెరుగుతుంది. అందుకే మొదట్లో పనిచేసిన మోతాదు కొన్ని వారాలకే నిద్రకు చాలకుండా పోతుంది. అయినా బిళ్ల వేసుకోకపోతే కుదరదు. మొదట నిద్ర కోసం వేసుకున్న బిళ్లను, తర్వాత అది లేకపోతే వచ్చే బాధ రాకుండా వేసుకోవాల్సి వస్తుంది.

దీన్ని వ్యసనం అనకూడదు. డాక్టర్ చెప్పిన మోతాదు దాటకుండా, ఒక్క బిళ్ల కూడా ఎక్కువ వేసుకోకుండా వాడినవారి శరీరం కూడా ఇలాగే మందు మీద ఆధారపడుతుంది. వ్యసనమంటే నష్టమని తెలిసినా మందు కోసం వెంపర్లాడటం, మోతాదు పెంచుకుంటూ పోవడం. చాలామంది పెద్దవాళ్ల విషయంలో ఇది అలాంటిది కాదు. "మనసు గట్టిది కాకపోవడం వల్లే మానలేకపోతున్నాను" అని బాధపడేవారు ముందుగా తెలుసుకోవాల్సిన మాట ఇదే.

ఒక్కసారిగా ఆగితే: తెలంగాణ చూసిన సెప్టెంబరు

హఠాత్తుగా ఆపడం ఎంత ప్రమాదమో ఒకరిద్దరు రోగుల అనుభవంగా కాక, ఊళ్లకు ఊళ్ల అనుభవంగా తెలిసిన చోటు తెలంగాణ. అక్కడ కొన్ని జిల్లాల్లో కల్లుకు గిరాకీ ఎక్కువ, చెట్టు నుంచి దిగే కల్లు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటివి కలిపి అమ్మేవారు. తాగేవారికి ఆ సంగతి తెలియదు. తాము కల్లు తాగుతున్నామనుకున్నారు. నిజానికి వారి మెదళ్లు ప్రతిరోజూ మోతాదు తెలియని నిద్రమందుకు అలవాటు పడుతున్నాయి.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టి దాడులు చేసింది. ఆ చర్య న్యాయమైనదే. కానీ కల్తీ ఆగిన కొద్ది రోజులకే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో ఆసుపత్రులకు జనం వరుసకట్టారు. ఫిట్స్, వణుకు, నిద్రలేమి, లేనివి కనబడటం, వినబడటం, పొంతనలేని మాటలు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు కూడా రోగులు పెద్దసంఖ్యలో వచ్చారు. మరణాల వార్తలూ వచ్చాయి. చాలామంది ఇళ్లలో దీన్ని కల్లు దొరక్క వచ్చిన పిచ్చి అనుకున్నారు. డాక్టర్లకు మాత్రం లక్షణాలు కొత్తవి కావు. నెమ్మదింపజేసే మందు ఒక్కసారిగా మాయమైతే, దాన్ని తట్టుకోవడానికి మెదడు పెంచుకున్న ఎదురుబలం మాత్రం అలాగే ఉండిపోతుంది. అడ్డులేని ఆ ఉద్రేకమే వణుకుగా, భ్రమగా, ఫిట్స్‌గా బయటపడుతుంది. చికిత్సలో కూడా అదే కుటుంబపు మందును తగిన మోతాదులో ఇచ్చి, ఆపైన తగ్గించుకుంటూ రావాల్సి ఉంటుంది.

మందుల షాపు చీటీతో వాడుతున్న మనిషికీ, కల్తీ కల్లు తాగిన మనిషికీ పరిస్థితుల్లో పోలికే లేదు. మెదడుకు మాత్రం ఆ తేడా తెలియదు. జంషెడ్‌పూర్ నుంచి శ్రీకాకుళంలో పెళ్లికి బయల్దేరి, బిళ్లల పట్టీ ఇంట్లో మరిచిపోయి టాటానగర్ స్టేషన్‌లో రైలెక్కిన పెద్దాయనకు కూడా మూడో రోజున ఇదే ముప్పు ఎదురుకావచ్చు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఎవరూ స్విచ్ నొక్కి ఆపరని ఉక్కు ఊళ్లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. ఇదీ అలాంటిదే.

మానడం అందరికీ అవసరమా?

అరవై అయిదు దాటినవారిలో ఈ మందుల నష్టం స్పష్టంగా కనబడుతుంది. వయసుతో పాటు కాలేయం మందును విరగ్గొట్టే వేగం తగ్గుతుంది. రాత్రి వేసుకున్నది పగలు కూడా ఒంట్లో ఉండిపోతుంది. తూలిపడటం, మతిమరుపు, పగటి మగత పెరుగుతాయి. ఈ మందులు వాడే పెద్దవారిలో తుంటి ఎముక విరిగే ప్రమాదం వాడనివారికంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. రాత్రి బాత్‌రూమ్‌కు లేచి జారిపడిన ఒక్క సంఘటనతో మంచాన పడిన పెద్దవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు.

అలాగని బలవంతంగా మాన్పించడం కూడా మంచిది కాదు. అమెరికాలో మూడున్నర లక్షలకు పైగా దీర్ఘకాల వాడకందార్ల బీమా రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. నల్లమందు జాతి నొప్పి మందులు వాడనివారిని చూస్తే, మందు ఆపినవారిలో ఏడాదిలోపు మరణాలు 5.5 శాతం, కొనసాగించినవారిలో 3.5 శాతం. మందు ఆపడమే ఆ మరణాలకు కారణమని ఇలాంటి అధ్యయనం నిరూపించలేదు. ఎందుకు ఆపారో, ఎంత వేగంగా ఆపారో రికార్డులు పూర్తిగా చెప్పవు. అయినా ఒక హెచ్చరికగా తీసుకోవాలి. లాభనష్టాలు మనిషి మనిషికీ వేరు. మూర్ఛ కోసం క్లోనజెపామ్, క్లోబజామ్ వాడుతున్నవారు న్యూరాలజిస్టు మాట లేకుండా ఒక్క బిళ్ల కూడా తగ్గించకూడదు.

చక్రవడ్డీ లెక్క, తిరగేసి

మెల్లగా తగ్గించడాన్ని ఒక పద్ధతిగా మలిచినవారిలో ముందు చెప్పుకోవాల్సింది బ్రిటన్‌కు చెందిన ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్. న్యూకాజిల్ నగరంలో 1982 నుంచి 1994 వరకు, ఈ మందులు మానాలనుకునేవారి కోసమే ఆమె ఒక క్లినిక్ నడిపారు. రోగుల మాట శ్రద్ధగా విని, ఏ వేగానికి ఎవరి ఒళ్లు ఎలా స్పందిస్తుందో రాసుకున్నారు. ఆ అనుభవంతో 1999లో ఆమె రాసిన చిన్న కరదీపిక ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఆమె పట్టుబట్టిన సూత్రం ఒకటే: వేగాన్ని నిర్ణయించాల్సింది క్యాలెండర్ కాదు, రోగి శరీరం.

2025లో అమెరికాలోని వైద్య సంఘాలు కలిసి వెలువరించిన మార్గదర్శకాలు ఇదే దారిలో అంకెలు చెప్పాయి. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, అప్పటికి వాడుతున్న మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టాలి. రెండు వారాల్లో 25 శాతానికి మించి మామూలుగా తగ్గించకూడదు.

ఇక్కడ 'అప్పటికి వాడుతున్న మోతాదులో' అన్న మాట కీలకం. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రిటైరైన ఒక కార్మికుడు రోజుకు 1 మి.గ్రా. ఆల్ప్రజోలామ్ వాడుతున్నాడు. మందు మానాలని, రెండు వారాలకోసారి 0.25 మి.గ్రా. చొప్పున తగ్గిస్తూ పోతాడు. చూడ్డానికి నాలుగూ సమాన మెట్లే. లెక్క వేస్తే కావు. 1 నుంచి 0.75కు తగ్గడం 25 శాతం కోత. 0.75 నుంచి 0.5కు 33 శాతం. 0.5 నుంచి 0.25కు 50 శాతం. చివరి 0.25 నుంచి సున్నాకు 100 శాతం. మెట్టు మెట్టుకూ దెబ్బ పెద్దదవుతోంది. "ముప్పావు భాగం సులువుగా మానాను, చివరి పావు మాత్రం నా వల్ల కావడం లేదు" అని చాలామంది చెప్పడానికి కారణం ఇదే.

గ్రాహకాల వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. కిక్కిరిసిన బస్సును ఊహించుకోండి. సీట్లన్నీ నిండి, కొందరు నిలబడి ఉన్నారు. పదిమంది దిగినా సీట్లలో ఖాళీ కనబడకపోవచ్చు, నిలబడ్డవాళ్లు కూర్చుంటారు అంతే. జనం పలచబడ్డాక మాత్రం దిగే ప్రతి మనిషికీ ఒక సీటు ఖాళీ అవుతుంది. మోతాదు ఎక్కువగా ఉన్నప్పుడు కాస్త తగ్గించినా గ్రాహకాల మీద ప్రభావం కొద్దిగానే మారుతుంది. మోతాదు తక్కువగా ఉన్నప్పుడు అంతే తగ్గింపు పెద్ద మార్పు తెస్తుంది.

ఇప్పుడు ప్రతిసారీ ఉన్నదాంట్లో 10 శాతం తగ్గిద్దాం. 1 మి.గ్రా. తర్వాత 0.9, ఆపైన 0.81, 0.73, 0.66, 0.59, 0.53, 0.48. ఏడు మెట్లకు సగం కంటే కిందికి వచ్చాం. చక్రవడ్డీ లెక్కను తిరగేసినట్టు, మోతాదు తగ్గేకొద్దీ కోత కూడా చిన్నదవుతుంది. పదో వంతుకు దిగడానికి 22 మెట్లు పడతాయి. రెండు వారాలకో మెట్టు అనుకుంటే 44 వారాలు, నాలుగు వారాలకో మెట్టయితే ఏడాదిన్నర పైమాటే. పదేళ్లు వాడినదానికి ఏడాది అంటే ఎక్కువేం కాదు. మధ్యలో లక్షణాలు ఎక్కువైతే అదే మెట్టు మీద కొన్ని వారాలు ఆగవచ్చు. ఆగితే ఓడిపోయినట్టు కాదు. డాక్టర్‌తో మాట్లాడకుండా పాత మోతాదుకు ఎక్కడం, మళ్లీ ఒక్కసారిగా దిగడం మాత్రం మంచిది కాదు.

కాగితం మీద లెక్క, చేతిలో బిళ్ల

కాగితం మీద 0.81 అని రాయడం సులువు. బజారులో దొరికే ఆల్ప్రజోలామ్ చిన్న బిళ్ల 0.25 మి.గ్రా. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 0.0625. రోజుకు 1 మి.గ్రా. వాడేటప్పుడు ఒక్క ముక్క తగ్గిస్తే 6 శాతం కోత, అంటే సరిగ్గా మార్గదర్శకాల హద్దులోనే. మోతాదు 0.5కు వచ్చేసరికి అదే ముక్క 12.5 శాతం. 0.25 దగ్గర 25 శాతం. చివర మళ్లీ అదే చిక్కు. పైగా అంత చిన్న బిళ్లను బ్లేడుతో నాలుగు సమాన ముక్కలు చేయడం ఎవరివల్లా కాదు. ఎస్‌ఆర్ అని రాసి ఉండే, మెల్లగా కరిగే రకం బిళ్లలను అసలు విరవకూడదు. విరిస్తే మెల్లగా రావలసిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది. ఇంట్లో నీళ్లలో కలుపుకుని కొలుచుకోవడమూ సరికాదు. ఈ మందులు నీళ్లలో సరిగా కరగవు.

అందుకే డాక్టర్లు కొందరికి మందునే మారుస్తారు. ఒంట్లో మందు సగానికి తగ్గే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఆల్ప్రజోలామ్ అర్ధాయువు సగటున 11 గంటలు. రాత్రి వేసుకున్నదాంట్లో మర్నాటి రాత్రికి ఐదోవంతుకు కాస్త పైనే మిగులుతుంది. అందుకే కొందరికి ఒక బిళ్లకూ మరో బిళ్లకూ మధ్యే కంగారు మొదలవుతుంది. డయజెపామ్ అర్ధాయువు రెండు రోజుల దాకా ఉండొచ్చు. దాని నుంచి శరీరంలో పుట్టే మరో పదార్థం ఇంకా ఎక్కువ కాలం ఉండి అదే పని చేస్తుంది. కాబట్టి మోతాదు తగ్గించినా ఒంట్లో మందు మెట్లలా కాక వాలులా దిగుతుంది. పైగా 2 మి.గ్రా. డయజెపామ్ బిళ్లలో సగం, అంటే 1 మి.గ్రా., ఆల్ప్రజోలామ్ లెక్కలో చాలా చిన్న ముక్క. ఆష్టన్ క్లినిక్‌లో ఎక్కువగా వాడిన ఉపాయం ఇదే.

అయితే ఈ మార్పిడి సొంతంగా చేసుకునేది కాదు. ఏ మందు ఎంతకు ఏది ఎంత సమానమో చెప్పే పట్టికల్లోనే తేడాలున్నాయి. ఆష్టన్ పట్టిక 10 మి.గ్రా. డయజెపామ్‌కు 0.5 మి.గ్రా. ఆల్ప్రజోలామ్ సమానమంటే, మరికొన్ని పట్టికలు 1 మి.గ్రా. అంటాయి. రెండింతల తేడా ఇది. కాలేయ జబ్బు ఉన్నవారిలో, బాగా పెద్దవయసువారిలో డయజెపామ్ పేరుకుపోయి మగత, తూలు పెరగవచ్చు. వారికి వేరే దారి చూడాలి.

మద్యం సంగతి విడిగా చెప్పాలి. మద్యం కూడా గాబా గ్రాహకాల మీదే పనిచేస్తుంది. హండియా అయినా, ఇప్పసారా అయినా, సీసా మద్యమైనా బిళ్లతో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. బిళ్ల తగ్గించుకుంటూ ఆ లోటును మద్యంతో పూడ్చుకుంటే మెదడు దృష్టిలో తగ్గించినట్టే కాదు. మద్యం అలవాటున్నవారు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవారు, చాలా ఎక్కువ మోతాదు వాడేవారు, గర్భిణులు ఆసుపత్రి పర్యవేక్షణలోనే తగ్గించుకోవాలి.

నిద్రను తిరిగి తెచ్చుకోవడం

బిళ్ల తగ్గించగానే రెండు మూడు రాత్రులు నిద్ర చెడిపోతుంది. ఇది పాత జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. మందు తగ్గినందుకు మెదడు చూపే తాత్కాలిక ప్రతిస్పందన కావచ్చు. ఆ తేడా తెలియక, బిళ్ల లేకపోతే తనకు నిద్రే రాదని తేల్చుకుని చాలామంది వెనక్కి వెళ్తారు. ముందే చెప్పి ఉంచితే ఆ రాత్రులను తట్టుకోవడం తేలిక.

దీనికి తోడుగా నిద్రలేమికి ప్రత్యేకంగా రూపొందించిన ప్రవర్తన చికిత్స ఒకటుంది. ఇందులో మందు లేదు. నిద్ర వచ్చినప్పుడే పక్క ఎక్కాలి. ఇరవై నిమిషాలకూ నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట కూర్చుని, నిద్ర వచ్చాకే తిరిగి పడుకోవాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. పక్క మీద గడిపే సమయాన్ని నిజంగా నిద్రపోయే సమయానికి దగ్గరగా కుదించి, నిద్ర గట్టిపడ్డాక పెంచుకుంటూ పోవాలి. షిఫ్టులు మారేవారికి దీన్ని వారి పని వేళలకు తగ్గట్టు సరిచేయాలి. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు, పడకగదిలో మందపాటి పరదాలు కొంత మేలు చేస్తాయి.

ఇది ఎంత పనిచేస్తుందో కెనడాలో 2004లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. ఏళ్లుగా నిద్రమాత్రలు వాడుతున్న 76 మంది పెద్దవయసువారిని మూడు జట్లుగా చేశారు. మందు మెల్లగా తగ్గించడంతో పాటు ఈ చికిత్స కూడా పొందినవారిలో 85 శాతం మంది మందు మానగలిగారు. కేవలం తగ్గించినవారిలో 48 శాతం, కేవలం చికిత్స పొందినవారిలో 54 శాతం మానారు.

సమాచారం ఒక్కటే చేసే మేలు కూడా చిన్నది కాదు. అదే కెనడాలో 2014లో వెలువడిన మరో అధ్యయనంలో, మందు వల్ల నష్టాలేమిటో, దశలవారీగా ఎలా తగ్గించాలో వివరించే చిన్న పుస్తకాన్ని పెద్దవయసువారికి పంపారు. ఆరు నెలల్లో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందనివారిలో మానినవారు 5 శాతమే. స్పెయిన్‌లో అదే ఏడాది వెలువడిన అధ్యయనంలో మామూలు కుటుంబ వైద్యులే రోగులతో ఒక పద్ధతి ప్రకారం మాట్లాడి, తగ్గించే పట్టీ చేతికి ఇచ్చారు. ఏడాది తర్వాత 45 శాతం మంది మందుకు దూరంగా ఉన్నారు. అలాంటి సాయం లేనివారిలో 15 శాతం. పెద్ద యంత్రాలు, ఖరీదైన మందులు ఎక్కడా వాడలేదు. కూర్చుని మాట్లాడే డాక్టర్, రాసిన కాగితం, తిరిగి రమ్మని ఇచ్చిన తేదీ, ఇవే చాలాయి.

ఎవరిని అడగాలి?

మన దేశంలో ఆల్ప్రజోలామ్, డయజెపామ్, నైట్రజెపామ్ వంటివి 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టర్ పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు షాపు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. ఈ నియమం రోగికి రెండు రకాలుగా వర్తిస్తుంది. చీటీ లేకుండా పాత పరిచయంతో బిళ్లలు తెచ్చుకునే దారి మూసుకోవడం మంచిదే. అయితే ఏళ్లుగా అలా వాడుతున్నవారికి ఒకరోజు హఠాత్తుగా మందు దొరక్కపోవచ్చు. కాబట్టి మందు మానాలనుకున్నా, మానకూడదనుకున్నా, ముందు చేయాల్సింది డాక్టర్‌ను కలిసి వాడకాన్ని చీటీ మీదికి ఎక్కించడం. ఊరు వెళ్తుంటే అన్ని రోజులకూ సరిపడా మందు, చీటీ నకలు వెంట ఉంచుకోవాలి.

జంషెడ్‌పూర్‌లో ఎంజీఎం వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. సుమారు 130 కిలోమీటర్ల దూరంలో రాంచీ కాంకేలో 1918లో మొదలైన కేంద్ర మనోరోగ చికిత్సా సంస్థ ఉంది. మందులు, మద్యం మీద ఆధారపడినవారికి అక్కడ ప్రత్యేక విభాగం పనిచేస్తోంది. అంతదూరం వెళ్లలేనివారు, ఎవరికీ తెలియకుండా ముందు మాట్లాడాలనుకునేవారు కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ తెలుగు, హిందీతో సహా అనేక భాషల్లో ఉంది. ఇంట్లో తెలుగు, బయట హిందీ మాట్లాడే పెద్దవాళ్లకు తమ బాధను తమ భాషలో చెప్పుకునే వీలుండటం చిన్న విషయం కాదు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు కొన్ని వివరాలు రాసుకెళ్తే పని తేలికవుతుంది. ఏ మందు, ఎన్ని మి.గ్రా., రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటి నుంచి, మధ్యలో ఎప్పుడైనా ఆపితే ఏమైంది, ఇంకా ఏ మందులు వాడుతున్నారు, మద్యం అలవాటుందా. తగ్గించడం మొదలయ్యాక రోజూ మోతాదు, నిద్ర, లక్షణాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే తర్వాతి మెట్టు ఎప్పుడు దిగాలో డాక్టర్‌కు తెలుస్తుంది.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. నాన్నగారి మంచి కోరి బిళ్లల డబ్బా దాచెయ్యడం, "ఈ ఒక్క రాత్రికీ ఓర్చుకోండి" అని ఆపించడం సాయం కాదు, ప్రమాదం. మందు తగ్గుతున్న రోజుల్లో ఆయన చిరాకు పడితే అది మనిషి స్వభావం మారడం కాదని గుర్తుంచుకోవాలి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనబడుతున్నాయన్నా, తానెక్కడున్నదీ తెలియకపోయినా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగతా రోజుల్లో ఇంట్లోవాళ్లు చేయగలిగిన మంచి పని తొందరపెట్టకపోవడం. ముప్పావు వంతు దారి నడిచి వచ్చిన మనిషికి చివరి పావు బిళ్ల దగ్గర రెండు నెలలు అదనంగా పట్టినా పరవాలేదు.